డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం, వెంకటరామన్నగూడెం

డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర, వెంకటరామన్నగూడెంలో ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం. 2007 జూన్ 26న ఆంధ్రప్రదేశ్ ఉద్యాన విశ్వవిద్యాలయం అన్న పేరుతో ఏర్పడింది. 2011లో ఇప్పటి పేరు వచ్చింది. పండ్లు, కూరగాయలు, పూలు, దుంపలు, సుగంధ ద్రవ్యాలు, కొబ్బరి, ఆయిల్‌పామ్, జీడిమామిడి వంటి తోట పంటల మీద చదువు చెప్పడం, పరిశోధన చేయడం, తేలిన సంగతిని రైతు దాకా చేర్చడం దీని పనులు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ పూర్తి పేరు పలకరు. ‘హార్టీకల్చర్ యూనివర్సిటీ’ అంటే ఆటో డ్రైవరుకైనా తెలుస్తుంది. పత్రికలు ‘ఉద్యాన వర్సిటీ’ అని సరిపెడతాయి.

వయసులో ఇది కుర్ర సంస్థే. దీని కిందున్న పరిశోధన స్థానాల్లో ముఖ్యమైనవి మాత్రం దీనికంటే దశాబ్దాల ముందువి. తల్లికంటే ముందే పిల్లలు పుట్టిన సంసారం ఇది. అందుకే 2007లోనే మొదలుపెట్టి ఈ విశ్వవిద్యాలయం కథ చెబితే సగం కథ జారిపోతుంది. రైతుకు దీని పేరు తెలిసింది కూడా పట్టాల వల్ల కాదు. కొవ్వూరు కంద వల్ల, అంబాజీపేట కొబ్బరి మొక్క వల్ల, లాం మిరప విత్తనం వల్ల.

ఏలూరు కాలవకు ఎగువన

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర నుంచి నీళ్లు మళ్లాయి. అక్కడ బయల్దేరిన ఏలూరు కాలవ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరుతుంది. ఈ కాలవే ప్రాంతాన్ని రెండుగా చీల్చింది. దిగువన డెల్టా: బరువు నేలలు, వరి, చేపల చెరువులు, ఆవల కొల్లేరు సరస్సు. ఎగువన మెట్ట: ఎర్ర నేలలు, బోర్లు, తోటలు. కాలవ నీరు ఎగువకు ఎక్కదు. మెట్ట రైతు వర్షాన్నీ, చెరువునూ, తర్వాత బోరునూ నమ్ముకొని పొగాకు, మామిడి, నిమ్మ, జీడిమామిడి వేశాడు. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు వర్జీనియా పొగాకు ఇప్పటికీ ఉంది. వెంకటరామన్నగూడెం ఈ రెండు నేలలు కలిసే అంచుకు దగ్గరగా, మెట్ట వైపున ఉంది.

డెల్టాలోని వరికి 1925 నుంచి మార్టేరు పరిశోధన స్థానం దిక్కుగా నిలిచింది. దేశమంతా పాకిన స్వర్ణ అనే ఎం.టి.యు. 7029 అక్కణ్నుంచి వచ్చిందే. మెట్ట తోటలకు అలాంటి పెద్ద దిక్కు అదే జిల్లాలో చాలాకాలం లేదు. విజయరాయి, కొవ్వూరు స్థానాలు ఉన్నా అవి చిన్నవి, దూరాన హైదరాబాదు రాజేంద్రనగర్ నుంచి నడిచేవి. విశ్వవిద్యాలయాన్ని ఇక్కడ పెట్టడంలో రాజకీయం ఏమున్నా, పంటల పటం ప్రకారం మాత్రం అది సరైన చోటే. ఒక పక్క కోనసీమ కొబ్బరి, మరో పక్క నూజివీడు మామిడి, నడుమ ఆయిల్‌పామ్, కోకో, గోదావరి లంకల్లో అరటి. వీటన్నిటికీ తాడేపల్లిగూడెం మధ్యలో పడుతుంది. రైలు మార్గం, జాతీయ రహదారి రెండూ ఆ ఊరి మీదుగానే పోతాయి. ఉల్లిపాయల టోకు వ్యాపారంతో అప్పటికే పేరుపడ్డ ఊరు అది.

పుట్టుక, పేరు, పంపకం

తెలుగునాట వ్యవసాయ విద్యకు 1964 నుంచీ ఒకటే గొడుగు ఉండేది. రాజేంద్రనగర్ కేంద్రంగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అది. 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. వరి, పశువు, మామిడి, చేప అన్నీ దాని కిందే. 2005లో పశువైద్యాన్ని విడదీసి తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పెట్టారు. రెండేళ్లకు తోట పంటల వంతు వచ్చింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 2007లో చట్టం చేసి ఉద్యాన విభాగాన్ని వేరు చేశారు.

హిమాచల్‌ప్రదేశ్‌లోని సోలన్‌లో 1985లో వచ్చిన వై.ఎస్. పర్మార్ విశ్వవిద్యాలయం తర్వాత దేశంలో ఇది రెండోది. సోలన్‌లో తోటలతోపాటు అడవుల చదువు కూడా ఉంది. కర్ణాటకలోని బాగల్‌కోట్ ఉద్యాన విశ్వవిద్యాలయం దీని తర్వాత ఏడాదికి, 2008లో మొదలైంది. ఇక్కడి తొలి ఉపకులపతి డాక్టర్ ఎస్.డి. శిఖామణి ద్రాక్ష శాస్త్రవేత్త, అంతకుముందు బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థకు డైరెక్టరుగా చేసినవారు. తర్వాతి కాలంలో ఆ పదవిలో పనిచేసిన డాక్టర్ టి. జానకిరామ్ పూల మొక్కల పరిశోధనలో పేరున్నవారు.

రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. రెండేళ్లకు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు దీని అనుభవం మిగతా సంస్థలకు ఎదురుగా నడిచింది. రంగా విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్ ఆవరణను తెలంగాణకు వదిలి గుంటూరు పక్కన లాంకు తరలిరావాల్సి వచ్చింది. ఉద్యాన విశ్వవిద్యాలయం మొదటి నుంచీ గోదావరి జిల్లాలోనే ఉండడంతో ఫైళ్లు కట్టుకొని బయల్దేరే పని తప్పింది. పోయినవి తెలంగాణలోని స్థానాలు, కళాశాలలు. రాజేంద్రనగర్, మోజర్ల ఉద్యాన కళాశాలలు, సంగారెడ్డి పండ్ల పరిశోధన స్థానం అటు వెళ్లాయి. రుమాని, నీలం కలిపి ‘మంజీర’ అనే పొట్టి మామిడిని తీసింది సంగారెడ్డిలోనే. తెలంగాణ తన వంతుగా సిద్దిపేట జిల్లా ములుగులో కొండా లక్ష్మణ్ పేరుతో వేరే ఉద్యాన విశ్వవిద్యాలయం పెట్టుకుంది.

తీట లేని కంద

కొవ్వూరు గోదావరి ఒడ్డున, రాజమండ్రికి ఎదురుగా ఉంది. అక్కడి స్థానం అరటికీ దుంపలకూ పెట్టింది. గోదావరి జిల్లాల పెళ్లి విందులో కంద బచ్చలి లేకపోతే వడ్డన లోటుగానే ఉంటుంది. కానీ కంద తరగడమంటే వంటమనిషి చేతికి నూనె రాసుకోవాలి, ఉడికాక కూడా గొంతు గరగరమనవచ్చు. దుంపలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. తీట పుట్టించేది అదే. కొవ్వూరు శాస్త్రవేత్తలు స్థానికంగా పండే కందల్లోంచి తీట లేనిదాన్ని ఏరి, పెంచి, 1990ల మొదట్లో ‘గజేంద్ర’ పేరుతో విడుదల చేశారు. దుంప నున్నగా, గుండ్రంగా, పక్క పిలకలు పెద్దగా లేకుండా వస్తుంది. దిగుబడి కూడా ఎక్కువే. ఉత్తరాది రాష్ట్రాల దాకా ఇప్పుడు వాణిజ్యంగా కంద వేసేవాళ్లు వేసేది ఎక్కువగా ఈ రకమే.

దీని సాగులో ఖర్చంతా విత్తనానిదే. దుంపను అరకిలో నుంచి కిలో బరువుండే ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కకూ నడిమి మొగ్గలో కొంత భాగం అంటుకొని ఉండాలి, లేకపోతే మొలక రాదు. ముక్కల్ని పేడనీళ్లలో ముంచి నీడన ఆరబెట్టి నాటుతారు. ఎనిమిది తొమ్మిది నెలలకు తవ్వుతారు. తవ్వినదాంట్లో మంచి దుంపల్ని మళ్లీ విత్తనానికి పక్కన పెట్టాలి. అందువల్ల ధర పడిపోయిన ఏడాది రైతుకు రెండు దెబ్బలు: అమ్మిన కందకు డబ్బు రాదు, దాచిన విత్తనం విలువా పడిపోతుంది. పరిశోధన స్థానం రకాన్నిచ్చింది గాని ఈ ధరల లొల్లికి మందు ఇవ్వలేదు. అది దాని పనీ కాదు.

అంబాజీపేట కొబ్బరి

కోనసీమ నడిబొడ్డున ఉన్న అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు ఎంత పేరో, ఉద్యాన పరిశోధన స్థానానికీ అంత పేరు. ఇక్కడ తీసిన ‘గోదావరి గంగ’కు తల్లి చెట్టు తూర్పుతీరం పొడుగు రకం, తండ్రి గంగాబొండం. గంగాబొండం గోదావరి ప్రాంతపు పొట్టి రకం, ఆకుపచ్చగా, కాస్త సాగినట్టుండే కాయ, నీళ్లు తియ్యన. ఈ సంకరాన్ని తయారుచేయడం వినడానికి తేలికే గాని చెట్టెక్కి చేయాల్సిన పని. కొబ్బరి పూగుత్తిలో మగపూలు రెమ్మల పొడవునా ఉంటాయి, ఆడపూలు మొదట్లో బొత్తాల్లా ఉంటాయి. పూగుత్తి విచ్చుకోగానే మనిషి పైకెక్కి మగపూలన్నీ కత్తిరించి పారేయాలి. ఆడపూలు స్వీకరించే రోజులు చూసుకొని, ముందే సేకరించి ఆరబెట్టిన గంగాబొండం పుప్పొడిని టాల్కం పొడితో కలిపి చల్లాలి. ఆ కాయ ముదరడానికి ఏడాది. నారుమడిలో మొలిచి ఎదగడానికి మరో ఏడాది. తోటలో నాటాక కాపుకు మూడు నాలుగేళ్లు. నికరంగా ఎన్ని కాయలు కాస్తుందో తేల్చడానికి ఇంకో పదేళ్లు. వరిలో ఒక శాస్త్రవేత్త ఉద్యోగకాలంలో నాలుగైదు రకాలు తీయొచ్చు. కొబ్బరిలో ఒకటి తీస్తే గొప్ప. తోట పంటలకు వేరే విశ్వవిద్యాలయం కావాలన్న వాదనకు ఇంతకంటే బలమైన కారణం నాకు కనిపించదు. పదవీకాలాలతో, ప్రాజెక్టు గడువులతో ఆగని ఓపిక ఈ చెట్లకు కావాలి.

అంబాజీపేట పేరు ఇటీవలి కాలంలో ఎక్కువగా వినిపించింది తెల్లదోమ వల్ల. సర్పిలాకార తెల్లదోమ అనే పరదేశీ పురుగు 2016లో మొదట తమిళనాడు పొల్లాచి వైపు కనబడి, కొద్దికాలానికే గోదావరి జిల్లాల్లోకి వచ్చింది. ఆకు అడుగున తెల్లని చుట్టలుగా గుడ్లు పెట్టి రసం పీలుస్తుంది. కారిన తేనెబంక కింది మట్టల మీద పడి, దానిపై నల్లని మసి తెగులు పెరిగి, చెట్టు పొగచూరినట్టు అవుతుంది. కొబ్బరితో ఆగలేదు, ఆయిల్‌పామ్, అరటి, జామ దాకా పాకింది. ముప్ఫై అడుగుల చెట్టుకు పురుగుమందు కొట్టడం కష్టం. కొట్టినా తెల్లదోమను తినే మిత్ర పురుగులు ముందు చస్తాయి. అందుకని అంబాజీపేట ప్రయోగశాల ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఉడికించిన బియ్యం మీద పెరిగే శిలీంధ్రం అది. నీళ్లలో కలిపి ఆకు అడుగు తడిసేలా పిచికారీ చేస్తే పురుగు ఒంటిమీద మొలిచి చంపుతుంది. దానితోపాటు ఎన్‌కార్సియా అనే సన్నని పరాన్నజీవిని కాపాడుకోమని, రసాయనాలు ఆపమని చెప్పారు. తెల్లదోమ పూర్తిగా పోలేదు. కానీ తోట నల్లబడగానే మందు డబ్బా వెతుక్కునే అలవాటు కొంత తగ్గింది.

ఆయిల్‌పామ్, కోకో, మామిడి

ఏలూరుకు ఉత్తరాన ఉన్న విజయరాయి స్థానం ఆయిల్‌పామ్‌ది. దానికి దగ్గర్లోనే పెదవేగిలో కేంద్ర ప్రభుత్వపు ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. 1995లో జాతీయ కేంద్రంగా మొదలై ఇప్పుడు భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థగా మారింది. ఒకే పంట మీద కేంద్రానిది ఒకటి, రాష్ట్రానిది ఒకటి ఇంత దగ్గరగా ఉండడానికి కారణం ఈ మెట్టే. 1980ల చివర్లో ఇక్కడ మొదలైన ఆయిల్‌పామ్ సాగు పొగాకు, చెరకు పొలాల్ని చాలావరకు మార్చేసింది, ఆంధ్రప్రదేశ్‌ను దేశంలో మొదటి స్థానంలో నిలబెట్టింది. గెల కోశాక ఇరవై నాలుగు గంటల్లో మిల్లు చేరకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. రైతు పక్క జిల్లాకు తీసుకుపోయి అమ్ముకోగలిగిన సరుకు కాదు. అందుకే 1993లోనే రాష్ట్రం చట్టం చేసి, ఏ మండలం గెలలు ఏ మిల్లుకు పోవాలో ముందే నిర్ణయించింది. ధర మీద రైతులకూ మిల్లులకూ పేచీ వచ్చినప్పుడల్లా మాట నూనె శాతం దగ్గరికే వస్తుంది.

కొబ్బరి, ఆయిల్‌పామ్ నీడన కోకో పెరుగుతుంది. తెలుగువాళ్లు చాక్లెట్టు తిన్నంతకాలం ఆ గింజ ఎక్కడ కాస్తుందో ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు దేశంలో కోకో ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశే, అందులోనూ పాత గోదావరి జిల్లాలే. కాయ కొట్టి తీసిన గింజల్ని గుజ్జుతోనే పెట్టెల్లో వేసి, రోజు మార్చి రోజు తిరగేస్తూ, దాదాపు వారం పులియబెట్టి ఎండబెడితేనే చాక్లెట్టు వాసన వస్తుంది. తొందరపడి పచ్చివి ఎండబెట్టినవాడికి ధర తెగుతుంది. కొబ్బరి మధ్య కోకో, అరటి, మిరియం కలిపి వేసే పద్ధతుల్ని అంబాజీపేటలో పరీక్షించి రైతులకు చెబుతున్నారు.

నూజివీడు మామిడి పరిశోధన స్థానం పాత కృష్ణా జిల్లాది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు నూజివీడు కొత్త ఏలూరు జిల్లాలోకి వచ్చింది. చిన్న రసాలు, పెద్ద రసాలకు ఇది పుట్టిల్లు. రసం పండు రుచి ఎంతో, ప్రయాణానికి అంత నాజూకు. బంగినపల్లి లారీ ఎక్కి ఢిల్లీ పోతుంటే రసాలు విజయవాడ, హైదరాబాదు దాటి పోవడం కష్టం.

మిగతా స్థానాలు రాష్ట్రమంతా చెదిరి ఉన్నాయి. బాపట్ల జీడిమామిడికి, పెద్దాపురం దుంపలకు, పెట్లూరు నిమ్మకు, తిరుపతి బత్తాయికి, రంపచోడవరం వైపు పందిరిమామిడి మన్యం పంటలకు. గుంటూరు పక్క లాం మిరపకు. జి-4 ‘భాగ్యలక్ష్మి’, తర్వాత వచ్చిన ఎల్‌సీఏ-334 ఇక్కడివే. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను ఊడ్చేసినప్పుడు రైతులు మొదట తలుపు తట్టిన చోట్లలో లాం ఒకటి.

చదువు

డిగ్రీ నాలుగేళ్లు, బీఎస్సీ ఆనర్స్ ఉద్యానం. ఇంటర్‌లో బైపీసీ చదివి ప్రవేశ పరీక్ష రాసినవారికి సీట్లు. రైతు కుటుంబాల పిల్లలకు వేరే కోటా ఉంది. వెంకటరామన్నగూడెం ప్రధాన కళాశాలతోపాటు రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేట, పార్వతీపురం, పాత ప్రకాశం జిల్లా చినలాటరపిలో కళాశాలలున్నాయి. పీజీ, పీహెచ్‌డీ ఉన్నాయి. పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమా ఇచ్చే పాలిటెక్నిక్‌లు నూజివీడు, రామచంద్రపురం, కలికిరి, మడకశిరల్లో నడుస్తున్నాయి.

నాలుగో ఏడాదిలో విద్యార్థులు పల్లెల్లో రైతులతో కలిసి పనిచేయాలి. మామిడి కొమ్మ కత్తిరింపు పుస్తకంలో ఒక పేజీ, తోటలో ఒక రోజు. ఏ కొమ్మ ఉంచాలో రైతుకు తెలిసి, పట్టా తీసుకోబోయేవాడికి తెలియని సందర్భాలు ఈ నెలల్లోనే బయటపడతాయి.

ఉద్యోగాల లెక్క 2019లో మారింది. ఆ ఏడాది గ్రామ సచివాలయాల్లో గ్రామ ఉద్యాన సహాయకుల పోస్టులు పెద్దయెత్తున వేశారు. అప్పటిదాకా ఉద్యాన శాఖ మండలానికి ఒక అధికారి ఉంటేనే ఎక్కువ అనుకునేది. డిప్లొమా చదివిన పిల్లలకు ఊళ్లోనే ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. 2020లో వచ్చిన రైతు భరోసా కేంద్రాల్లో వీళ్లే కూర్చున్నారు. ఇప్పుడు వాటిని రైతు సేవా కేంద్రాలంటున్నారు.

పక్కవాళ్లు, పొలం గట్టు

తాడేపల్లిగూడెం చదువుల ఊరుగా మారడం ఈ విశ్వవిద్యాలయంతో ఆగలేదు. రాజమండ్రి ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి ఇక్కడ ఒక ప్రాంగణం ఉంది. 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నిట్ వచ్చింది. తొలి బ్యాచ్‌లు ఊళ్లోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, తర్వాత రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే పక్క భూముల్లోని సొంత ఆవరణకు మారాయి. 

వ్యవసాయ విద్య పంపకాల్లో చివరగా చేప కూడా విడిపోయింది. 2020లో రాష్ట్ర శాసనసభ మత్స్య విశ్వవిద్యాలయానికి చట్టం చేసింది. 2022 నవంబరు 21న, ప్రపంచ మత్స్య దినోత్సవం నాడు, నరసాపురంలో దానికి శంకుస్థాపన జరిగింది. ఇలా 1964లో ఒకే గొడుగు కింద ఉన్న చదువు నాలుగు ముక్కలైంది. ఒక్కో పంటకు ఓపికా నిధులూ దొరకడానికి ఈ పంపకం మంచిదే. కానీ రైతు పొలం పంచుకోలేదు.

కొల్లేరు అంచున, కైకలూరు వైపు ఒక చెరువు గట్టు చూస్తే సంగతి తెలుస్తుంది. చెరువులో బొచ్చె, శీలావతి. గట్టు మీద వరుసగా కొబ్బరి, మధ్యలో అరటి. పక్కన రెండెకరాల వరి. పాకలో రెండు గేదెలు. చేపకు జబ్బు చేస్తే అడగాల్సింది మత్స్య శాస్త్రవేత్తను, కొబ్బరి నల్లబడితే వెంకటరామన్నగూడెంను, వరికి తెగులు వస్తే గుంటూరు లాంను, గేదె మేత మానేస్తే తిరుపతిని. గట్టు మీద కొబ్బరికి కొట్టిన మందు చెరువులో పడితే ఎవర్ని అడగాలి? 1999లో కొల్లేరును అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించాక, 2006లో ఆ హద్దులోపలి చెరువుల్ని కొట్టేశాక, అంచున మిగిలిన భూముల మీద ఒత్తిడి ఇంకా పెరిగింది. అక్కడ ప్రతి గట్టూ పొలమే.

ఈ ముక్కల్ని మళ్లీ కలిపేది కృషి విజ్ఞాన కేంద్రం. వెంకటరామన్నగూడెం ఆవరణలోనూ, పందిరిమామిడిలోనూ విశ్వవిద్యాలయం నడిపే కేంద్రాలున్నాయి. ఏ కృషి విజ్ఞాన కేంద్రంలోనైనా ఉద్యానం, సస్యరక్షణ, పశుపోషణ, గృహ విజ్ఞానం వంటి వేర్వేరు విద్యలు చదివినవాళ్లు ఒకే కప్పు కింద కూర్చుంటారు. సంచిలో నల్లబడ్డ కొబ్బరాకు, ఫోన్‌లో గేదె ఫొటో పట్టుకొచ్చిన రైతు అక్కడ ఒక బల్ల దగ్గర్నుంచి లేచి పక్క బల్లకు జరిగితే చాలు.